కిందోడు: పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రాస్తున్న ‘కిందోడు’ కథలో ఇంతవరకు వచ్చిన మూడు పొరలు, అంటే మూడు భాగాలు, చదివినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. కథ ఇంకా మొదలుపెట్టనివాళ్ళు మొదటి నాలుగూ చూసి ఆగిపోండి. ఆ తర్వాత చాలా విషయాలు బయటపడిపోతాయి.

అసలు ఈ కథ దేని గురించి?

కాలం 1942. గూడూరుకు అవతల, సైదాపురం వైపు ఒక మైకా (అభ్రకం) గని. అక్కడ మేస్త్రి పెంచలయ్య. కూలీల హాజరు రాసే మస్టరు పుస్తకం అతని చంకలోనే ఉంటుంది. పైకప్పు కూలబోతోందని తెలిసి కూడా ఒకరోజు పదకొండు మందిని లోపలికి పంపుతాడు. కూలినప్పుడు తనూ లోపలే చిక్కుకుంటాడు. మూడో రోజు ఒక్కడే బయటికి వస్తాడు. అతనితో పాటు ఇంకొకడు కూడా వచ్చాడని చదివేవాళ్ళకు తెలుస్తుంది. ఊరికి తెలియదు.

ఆ వచ్చినవాణ్ణి గని కూలీలు పేరు పెట్టి పిలవరు, కిందోడు అంటారు. వాడికీ పెంచలయ్యకూ మధ్య ఒక ఒప్పందం. మస్టరులో ఒక పేరును ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆ మనిషి పుట్టనట్టే అయిపోతాడు. కన్నతల్లికి కూడా గుర్తుండడు. బదులుగా మంచి మైకా ఎక్కడుందో కిందోడు చెబుతాడు. చచ్చినవాళ్ళు గుర్తులేకపోతే పరిహారం అడిగేవాళ్ళు ఉండరు, ఏడ్చేవాళ్ళూ ఉండరు. పెంచలయ్యకు మాత్రం అన్ని పేర్లూ గుర్తుంటాయి.

ఏ వరుసలో చదవాలి?

మొదటి పొర నుంచి వరుసగా. మధ్యలో పట్టుకుంటే అర్థం కాదు.

పిలకాయలు చదవచ్చా?

వద్దు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ కోసమే రాశాను. నెత్తురు పెద్దగా కనపడదు గానీ, అంతకంటే బరువైన సంగతులు ఉన్నాయి. మా అన్నయ్య కూతురు పదో తరగతిలో ఉన్నప్పుడు అడిగితే నేనే ఇవ్వలేదు.

పెంచలయ్య హీరోనా, విలనా?

విలన్. కథ మాత్రం అతని వెంటే నడుస్తుంది. అతను ఏం తింటాడో, నిద్రలో ఎటు తిరిగి పడుకుంటాడో, కూతురికి జడ ఎంత బాగా వేస్తాడో మీకు తెలుస్తుంది. అందువల్ల అతని మీద ఇష్టం కలగొచ్చు. కలగాలనే రాశాను. ఆ ఇష్టంతోనే తర్వాతి పేజీలో అతను చేసే పని చూడాలి.

తెలుగులో ఇది కొత్తేమీ కాదు. నెల్లూరు రాజు మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాశాడు. అందులో రావణుడి పుట్టుక, తపస్సు, దండయాత్రలు ఎంతో విస్తారంగా ఉంటాయి. రాక్షసుడు ఎలా పెరిగాడో తెలుసుకోవాలన్న కోరిక మన నేలలో పదమూడో శతాబ్దం నుంచే ఉంది.

దయ్యం పట్టింది కాబట్టే కదా అవన్నీ చేశాడు? పాపం అతనిదెట్టా అవుతుంది?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. నేను ఈ కథ రాయడం మొదలుపెట్టిందీ దీనివల్లే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మా అవ్వ రాత్రిళ్ళు వాకిట్లో నులక మంచం మీద కూర్చుని నలుడి కథ చెప్పేది. నలుడు కాళ్ళు సరిగా కడుక్కోకుండా సంధ్య వార్చిన రోజున, అదను కోసం కాచుకుని ఉన్న కలి అతని ఒంట్లోకి దూరతాడు. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుంటాడు. కట్టుబట్టలతో అడవిలో పడతాడు. చివరికి, నిద్రపోతున్న దమయంతి చీరలో సగం చింపుకుని, ఆమెను ఒంటరిగా వదిలేసి వెళ్ళిపోతాడు. వెళ్తాడు, మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తాడు, మళ్ళీ వెళ్తాడు. కలి ఒకవైపు లాగుతుంటే ప్రేమ ఇంకోవైపు లాగుతుంది. కొన్నేళ్ళ తర్వాత కలి వదిలిపోయి తాండ్రచెట్టులో దూరతాడు. భార్యాభర్తలు కలుసుకున్నప్పుడు నలుడు అంటాడు: రాజ్యం పోవడం గానీ, నిన్ను వదిలేయడం గానీ నేను చేసినవి కావు, కలి చేసినవి.

ఇక్కడికి వచ్చేసరికి మా అవ్వ వక్క కొరకడం ఆపేసేది. "కలి చేశాడంట. సరే. గుడ్డ చింపిన చెయ్యి ఎవురిదిరా?" అని మమ్మల్ని అడిగేది. మేం పిలకాయలం, ఏం చెబుతాం. ఆమె కూడా జవాబు చెప్పేది కాదు. మిగతా కథ చెప్పేసి లోపలికి వెళ్ళి పడుకునేది.

‘కిందోడు’ ఆ ఒక్క ప్రశ్నలోంచి వచ్చింది. అందుకే ఒప్పందంలో ఒక నియమం పెట్టాను. కిందోడు కలం పట్టుకోలేడు. పెంచలయ్య చేతిని బలవంతంగా కదపలేడు కూడా. వాడికి ఉన్నదల్లా ఒక మాట: "పేరు?" అంతే. బెదిరించడు, బతిమాలడు, అబద్ధమాడడు. ఒకటికి పదిసార్లు "పేరు?" అని అడుగుతాడు. సిరాబుడ్డి మూత తీసేదీ, కలం ముంచేదీ, గీత గీసేదీ పెంచలయ్యే. రెండో పొరలో ఒకసారి వాడు అడగకముందే పెంచలయ్య సిరాబుడ్డి ముందుకు లాక్కుంటాడు. నాలుగు వాక్యాల సన్నివేశం అది. చాలామంది గమనించకుండా దాటేశారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవండి.

రెండో పొర రాతప్రతి చూసిన ఒక ప్రచురణకర్త, తప్పంతా దయ్యం మీదికి నెట్టేస్తే పెంచలయ్య మీద జాలి కలుగుతుంది, పుస్తకం బాగా పోతుంది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మన ఇళ్ళలో తాగి కొట్టినవాడు, కూతురి చదువు ఆపేసినవాడు, తోబుట్టువు పొలం రాయించుకున్నవాడు "ఆ పొద్దు నాకేదో పట్టింది" అనే మాట ఎన్నిసార్లు వినలేదు? పట్టింది నిజమే కావచ్చు. చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి కదా.

మరి కిందోడు రాక్షసుడా, దయ్యమా, పిశాచమా?

పురాణాల్లో ఉన్న ఏ పేరూ వాడికి పెట్టలేదు. చచ్చిన మనిషి ఆత్మ కూడా కాదు. రాయి చల్లారకముందు నుంచి కింద ఉన్నవాడు అని మాత్రం అనుకోండి. వాడు మైకా పొరల మధ్య ఉంటాడు. అందుకే పల్చటి మైకా రేకును కంటికి అడ్డం పెట్టుకుని చూస్తే, పేరు కొట్టేసిన మనుషులు కనిపిస్తారు. ఈ సంగతి మొదట కనిపెట్టేది పెంచలయ్య కూతురు. అయిదేళ్ళ పిల్ల, రేకుతో ఆడుకుంటూ "నాయనా, మనింటి ముందర ఇంతమంది ఎందుకు నిలబడుండారు?" అని అడుగుతుంది.

మైకా గనులే ఎందుకు? బంగారమో వజ్రాలో పెట్టొచ్చు కదా?

చిన్నప్పుడు మా నాయన పాత ఇస్త్రీపెట్టె విప్పాడు. లోపల తీగ చుట్టిన ఒక రేకు ఉంది. అందులో ఒక మూల విరిగి నా చేతికొచ్చింది. గోరు పెట్టి లాగితే పొర ఊడింది. దాన్ని మళ్ళీ లాగితే ఇంకో పొర. ఉల్లిపొర కంటే పల్చగా అయినా ఇంకా చీలుతూనే ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే లేత ఆకుపచ్చగా కనిపించింది. నెల్లూరు మైకాకు ఆ ఛాయ సహజంగానే ఉంటుందని తర్వాత తెలిసింది. మన వైపు దాన్ని కాకిబంగారం అంటారు. మెరుస్తుంది గానీ బంగారం కాదు. ఆ పేరులోనే సగం కథ ఉంది.

ఆ రేకు వేడికి కాలదు, కరెంటును పారనివ్వదు. అందుకే రేడియో వాల్వుల్లో, విమానాల స్పార్క్ ప్లగ్గుల్లో వాడేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి దానికి విపరీతమైన గిరాకీ పెరిగింది. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు పల్లెల్లో తవ్విన రాయి సముద్రాలు దాటి యుద్ధానికి వెళ్ళింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు ఖాళీ అయి జనం రైళ్ళెక్కి ఊళ్ళకు పారిపోయారు. పైన ఆకాశంలోంచి చావు వస్తుందని అందరూ తలలెత్తి చూస్తున్న రోజుల్లో, కింద భూమిలో ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. పెంచలయ్యకు కావలసింది అదే.

ఇంకో కారణం ఉంది. తవ్వినవాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు. ఒక పేరు కొట్టేస్తే ఒక మనిషి లేకుండా పోవడం నాకు మరీ ఊహగా తోచలేదు.

దేవుడి పేరు పెట్టుకున్నవాణ్ణి దుర్మార్గుణ్ణి చేశారేం?

పెంచలయ్య అంటే పెంచలకోనలో ఉన్న పెనుశిల నరసింహస్వామి పేరే. ఆ స్వామి మీద నాకున్న భక్తి మీకున్నదానికి తక్కువేం కాదు. మా ఇంట్లోనే ఇద్దరు పెంచలయ్యలు, ఒక పెంచలమ్మ ఉన్నారు. నెల్లూరు జిల్లాలో ఏ వీధిలో నిలబడి "పెంచలయ్యా" అని పిలిచినా ఎవరో ఒకరు పలుకుతారు. కథలో దుర్మార్గుడు ఎక్కడి నుంచో రాలేదు, మన పక్కింటివాడే అనిపించాలని ఆ పేరు పెట్టాను. పైగా స్తంభం చీల్చుకుని వచ్చి రాక్షసుణ్ణి చంపిన దేవుడి పేరు అతనిది. ఆ పేరు అతని మీద ఎంత బరువో మూడో పొరలో కొండకు నడిచి వెళ్ళే అధ్యాయంలో రాశాను.

జొన్నవాడ, అనుమసముద్రంపేట సన్నివేశాలు భక్తుల మనసు నొప్పించవా? అమ్మవారు కూడా వాణ్ణి వదిలించలేకపోయిందని రాశారు కదా?

అలా రాయలేదు. గాలి సోకినవాళ్ళను జొన్నవాడ కామాక్షమ్మ గుడికి తీసుకొచ్చి నిద్ర చేయించడం మన వైపు ఎప్పటి నుంచో ఉంది. అనుమసముద్రంపేట దర్గాకు కూడా హిందువులు, ముస్లింలు అని లేకుండా అందరూ వెళ్తారు. మొదటి పొరలో పెంచలయ్య తల్లి అంకమ్మ కొడుకును జొన్నవాడ తీసుకెళ్తుంది. అది రాసేముందు నేను కూడా వెళ్ళి ఒక రాత్రి అక్కడ పడుకున్నాను. తెల్లవారుజామున పెన్నలో మునిగి వచ్చిన ఒక పెద్దామె, తడి చీరతోనే, పక్కన పడుకున్న కొడుకు అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. ఏమీ అడగలేదు, ఏడవలేదు. రుద్దుతూనే ఉంది. ఆ చేతులనే అంకమ్మకు పెట్టాను.

కథలో ఆ రాత్రి పెంచలయ్య హాయిగా నిద్రపోతాడు. ఎందుకంటే అతను అమ్మను ఏమీ అడగడు. తల్లి అడుగుతుంది, కొడుకు అడగడు. వదిలించమని కోరనివాడికి ఎవరు వదిలిస్తారు? అక్కడ ఓడింది అమ్మవారు కాదు.

ఇలాంటివి రాస్తే మూఢనమ్మకాలు పెరగవా?

ఇది నన్ను కూడా చాలాకాలం వేధించింది. మా పిన్ని ఉన్నట్టుండి మాటలు మానేసింది. రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చునేది. రెండేళ్ళు గాలి సోకిందనే అనుకున్నాం, తిప్పని చోటు లేదు. తర్వాత మానసిక వైద్యుడికి చూపించి మందులు వాడితే ఆరు నెలల్లో తిరిగి మనిషైంది. ఆ రెండేళ్ళూ ఆమెకు వృథా చేశామన్న బాధ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

అందుకే స్పష్టంగా చెబుతున్నాను. కిందోడు కల్పన. మీ ఇంట్లో ఎవరైనా నిద్రపోకుండా, తిండి మానేసి, లేని గొంతులు వినిపిస్తున్నాయని చెబుతుంటే గుడికి వెళ్ళండి, కాదనను. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ) వాళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నట్టు రాశారు. తప్పు కదా?

తప్పు కాదు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. కథ జరిగేనాటికి కనిగిరి, కందుకూరు, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉన్నాయి.

యాస అర్థం కావడం లేదు. మామూలు తెలుగులో రాయకూడదా?

కథ చెప్పేది మామూలు తెలుగులోనే, మాటలు మాత్రం యాసలో ఉంటాయి. యాడ అంటే ఎక్కడ, ఉండాడు అంటే ఉన్నాడు, బిరీన అంటే త్వరగా, పిలకాయలు అంటే పిల్లలు. నాలుగు పేజీలు పైకి చదివితే చెవికి అలవాటైపోతుంది. సైదాపురం గనిలో మేస్త్రి పుస్తకాల భాషలో మాట్లాడితే కూలీలే కాదు, కిందోడు కూడా నమ్మడు.

రెండో పొరలో మంచం చాటున పసుపుముద్ద, స్నానానికి నీళ్ళు పెట్టే సన్నివేశం ఏంటి?

అది మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన కథ. తెలిసినవాళ్ళు వెంటనే పట్టుకున్నారు. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర గొల్లల నాయకుడు కాటమరాజుకూ మనుమసిద్ధికీ గొడవ వచ్చి యుద్ధమైంది. కరువులో మేత కోసం ఆవుల మందలు తోలుకొచ్చిన గొల్లలు ఒకవైపు, నెల్లూరు సైన్యం మరోవైపు. సేన నాశనమై ఖడ్గతిక్కన వెనక్కి తిరిగొస్తే, ఇంట్లో ఆడవాళ్ళకు పెట్టినట్టు మంచం చాటు కట్టి, పసుపుముద్దతో స్నానానికి నీళ్ళు పెట్టారు. అతను సిగ్గుపడి మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణం వదిలాడు.

పదకొండు మంది పోయి కొడుకు ఒక్కడే తిరిగొచ్చినప్పుడు అంకమ్మ అలాగే చేస్తుంది. మంచం నిలబెట్టి, చాటున రాగి బిందె పెట్టి, గట్టు మీద పసుపుముద్ద ఉంచుతుంది. పెంచలయ్య చూస్తాడు. మంచం చాటుకు వెళ్ళి, పసుపు అరచేతుల్లో నలిపి, మెడకూ చేతులకూ నిదానంగా రాసుకుని, నీళ్ళు పోసుకుని, "అన్నం పెట్టుమా" అంటూ వచ్చి పీట మీద కూర్చుంటాడు. సిగ్గు పోయిన మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి నాకు ఇంతకంటే భయంకరమైన బొమ్మ దొరకలేదు.

మగతనం లేదని ఎగతాళి చేయడానికి పసుపును వాడారని ఒకామె కోపంగా రాసింది. ఆమె కోపం న్యాయమైనదే. ఆ అవమానం పాత కథలో ఉంది, అంకమ్మ ఆ కథలు వింటూ పెరిగిన మనిషి. మూడో పొరలో కోడలు రమణమ్మ ఇదే సంగతి అత్తను నిలదీస్తుంది.

రమణమ్మ పేరు కొట్టేయడం అవసరమా?

మూడో పొర చదవనివాళ్ళు దీన్ని దాటేయండి.

ఆ అధ్యాయం తర్వాత నెల రోజులు ఏమీ రాయలేకపోయాను. ఆమె లెక్కలన్నీ కనిపెట్టింది. మస్టరులో ఎన్ని గీతలున్నాయో, పల్లెలో ఎన్ని కంచాలు మిగిలిపోయాయో సరిచూసింది. అలాంటి మనిషిని పెంచలయ్య బతకనివ్వడు. కానీ ఆమె చచ్చిపోలేదు. బతికున్న మనిషి పేరు కొట్టేస్తే ఏమవుతుందో కిందోడిక్కూడా తెలియదు. సొంత కూతురు కూడా గుర్తుపట్టని ఆడమనిషి, మైకా రేకు ఒకటి కొంగున కట్టుకుని, కాలినడకన భైరవకోన వైపు బయలుదేరడంతో మూడో పొర ఆగుతుంది.

భైరవకోనే ఎందుకు?

ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, చుట్టూ నల్లమల. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుతురు అమ్మవారి మీద పడుతుందని చెబుతారు. రాతిలో తవ్విన చీకటి పెంచలయ్యది. రాతిలోనే తవ్వినా దీపం వెలుగుతున్న చోటు ఇంకొకటి కావాలి అనుకున్నాను. రమణమ్మ ఆ వెలుతురులో రేకు అడ్డం పెట్టుకుని చూస్తే ఏం కనిపిస్తుందన్నది నాలుగో పొర.

పెంచలయ్యకు విముక్తి ఉందా?

భారతంలో కల్మాషపాదుడని ఒక రాజు. శాపం వల్ల ఒంట్లో రాక్షసుడు దూరి, వశిష్ఠుడి కొడుకులందరినీ తినేస్తాడు. పన్నెండేళ్ళ తర్వాత అతన్ని విడిపించింది ఎవరంటే, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ వశిష్ఠుడే. విడిపించే హక్కు ఆయనకే ఉంది, ఇంకెవరికీ లేదు.

నా కథలో ఆ హక్కు అచ్చమ్మది. మొదటి పొరలో రోజూ అన్నం వేళకు రెండు కంచాలు కడిగి పెట్టే ముసలామె గుర్తుందా? రెండో కంచం ఎవరికో ఆమెకు తెలియదు. పెట్టకుండా ఉండలేదు. చివరికి దాన్ని బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకుని తింటుంది. కొడుకు ఉన్నాడనే గుర్తులేని తల్లి, ఆ కొడుకును చంపినవాణ్ణి ఎట్టా క్షమిస్తుంది? ముందు గుర్తు రావాలి. గుర్తొస్తే క్షమించగలదా? దీని జవాబు ఆఖరి పొరలో ఉంది, అంతకుమించి ఇక్కడ చెప్పను.

నాలుగో పొర ఎప్పుడు?

రాస్తున్నాను. రమణమ్మ ఇప్పటికి పామూరు దాటింది.

మా తాత ఆ గనుల్లో పనిచేశాడు. మీతో మాట్లాడొచ్చా?

దయచేసి మాట్లాడండి. నాకు పెద్ద కథలు అక్కర్లేదు. లోపలికి దిగేముందు ఎవరికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు, సద్ది ఏం కట్టుకెళ్ళేవాళ్ళు, మైకా పొరలు చీల్చే ఆడవాళ్ళు పాడుకున్న పాటలో ఒక్క చరణమైనా, పనిముట్లకు మీ ఇంట్లో వాడిన పేర్లు, ఇవి కావాలి. తాతగారి పేరు కూడా చెప్పండి. నా దగ్గర ఒక నల్ల అట్ట నోటుబుక్కు ఉంది. ఇలా చెప్పినవాళ్ళ పెద్దల పేర్లు అందులో వరుసగా, నీలం సిరాతో రాసి పెడుతున్నాను.